స్కూల్ సాఫ్ట్‌వేర్‌ను మాడ్యూల్స్‌గా విడగొట్టడం: ప్యాకేజీ మేనేజర్ సొంతంగా రాసుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. స్కూళ్ళకు అమ్మే సాఫ్ట్‌వేర్ పీహెచ్‌పీలో ఉంది. లోపల లారావెల్ (పీహెచ్‌పీలో వాడే రెడీమేడ్ ఫ్రేమ్‌వర్క్) ఉన్నా, పైన మీ సొంత ఫ్రేమ్‌వర్క్ పొర ఒకటి వేసుకున్నారు. హాజరు, ఫీజులు, లైబ్రరీ, హాస్టల్, బస్సులు అన్నీ ఒకే కోడ్‌బేస్‌లో పెనవేసుకుపోయాయి. ఒక స్కూలుకు హాస్టల్ వద్దు, ఇంకో స్కూలుకు బస్సులు మాత్రమే కావాలి. అందుకని దేనికది మాడ్యూల్‌గా విడదీసి, అడ్మిన్ స్క్రీన్‌లో జిప్ ఫైల్ అప్‌లోడ్ చేయగానే ఇన్‌స్టాల్ అయ్యేలా చేద్దామనుకున్నారు. దానికోసం డిపెండెన్సీ రిజాల్వర్ (ఏ మాడ్యూల్‌కు ఏ ప్యాకేజీ, ఏ వెర్షన్ కావాలో తేల్చే కోడ్) రాయడం మొదలుపెడితే అది రోజురోజుకీ పెరిగిపోతోంది. ఏం చేయాలి అని అడిగారు.

ముందు పొట్టి జవాబు చెప్తాను. రిజాల్వర్ ఆపేయండి. కోడ్ తెచ్చిపెట్టే పని పీహెచ్‌పీ ప్యాకేజీ మేనేజర్ కంపోజర్‌కు వదిలేయండి. వచ్చిన మాడ్యూల్ మీ అప్లికేషన్‌లో ఎలా కలుస్తుంది, ఎప్పుడు మేలుకుంటుంది, దాని టేబుల్స్ ఎవరివి, తీసేస్తే ఏమవుతుంది అన్నవి మాత్రం ఏ ప్యాకేజీ మేనేజరూ మీకోసం తేల్చదు. మీ టైమంతా అక్కడ పెట్టాలి. సరుకులు తెచ్చేవాళ్ళు వేరు, వంట చేసేవాళ్ళు వేరు. మీరు ఇద్దరి పనీ ఒక్క చోటే కలిపేస్తున్నారు, అందుకే ఎంత రాసినా తెగడం లేదు.

రిజాల్వర్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. "ఏ ప్యాకేజీకి ఏ వెర్షన్ పెడితే అందరి షరతులూ కుదురుతాయి" అన్న ప్రశ్న కంప్యూటర్ సైన్స్ భాషలో ఎన్‌పీ-కంప్లీట్, అంటే సైజు పెరిగేకొద్దీ వేగంగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియని రకం. మాడ్యూల్స్ పది ఉన్నప్పుడు రికర్షన్‌తో సాగిపోతుంది. ఒక్కో మాడ్యూల్‌కూ పాత వెర్షన్లు పోగవడం మొదలయ్యాక అసలు రంగు బయటపడుతుంది. కంపోజర్ 2012లో వచ్చింది. దాని రిజాల్వర్‌ను కూడా వాళ్ళు మొదటి నుంచి రాసుకోలేదు, ఓపెన్‌సూసె లినక్స్‌లోని శాట్ సాల్వర్‌ను (అన్ని షరతులూ ఒకేసారి కుదిరే జవాబు వెతికే ప్రోగ్రామ్) పీహెచ్‌పీలోకి తెచ్చుకుని మొదలుపెట్టారు. అయినా అప్‌డేట్ కొడితే మెమరీ మింగేస్తోందన్న ఫిర్యాదులు ఏళ్ళ తరబడి నడిచాయి. 2020 అక్టోబరులో కంపోజర్ 2 వచ్చాకే ఆ గోల సద్దుమణిగింది. రూబీ వాళ్ళ ప్యాకేజీ మేనేజర్ బండ్లర్ కూడా 2022 చివర్లో, వెర్షన్ 2.4తో, పాత అల్గారిథమ్ వదిలేసి పబ్‌గ్రబ్ అనే ఇంకో అల్గారిథమ్‌కు మారింది. కారణాల్లో ఒకటి ఎర్రర్ మెసేజ్. పొసగనప్పుడు "కుదరలేదు" అని ఊరుకుంటే చాలదు, ఎవరికి ఎవరితో పడలేదో మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. మీ రిజాల్వర్‌లో ఆ ముక్కకు ఇంకా చేయి పెట్టి ఉండరు.

ఇంకో సంగతి, ఇది భాషను బట్టి మారుతుంది. నోడ్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేది) ఒకే ప్యాకేజీ రెండు వెర్షన్లలో పక్కపక్కనే బతకగలదు. ఎవరి నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో ఉన్నది వాళ్ళకు దొరుకుతుంది. పీహెచ్‌పీలో ఆ వెసులుబాటు లేదు. ఒక రిక్వెస్ట్‌లో ఒక క్లాస్ పేరు ఒక్కసారే ఉంటుంది. ఫీజుల మాడ్యూల్ జిప్‌లో గజిల్ అనే హెచ్‌టీటీపీ లైబ్రరీ 6వ వెర్షన్, బస్సుల మాడ్యూల్ జిప్‌లో గజిల్ 7 వచ్చాయనుకోండి. రెండింట్లోనూ క్లయింట్ క్లాస్ పేరు ఒకటే. ఎవరి ఆటోలోడర్ (క్లాస్ ఫైల్ వెతికి తెచ్చే కోడ్) ముందు పలికితే వాళ్ళ ఫైల్ లోడ్ అవుతుంది. వెంటనే ఫేటల్ ఎర్రర్ వస్తే అదృష్టమే. అసలు తలనొప్పి ఎప్పుడంటే, కొన్ని క్లాసులు 6 నుంచి, కొన్ని 7 నుంచి వచ్చి, పేమెంట్ గేట్‌వే టైమౌట్ అయిన రోజు మాత్రమే పేలడం. అప్పుడు స్టాక్ ట్రేస్ చూస్తే ఒకే లైబ్రరీ పేరుతో రెండు వేర్వేరు ఫోల్డర్లు కనిపిస్తాయి.

వర్డ్‌ప్రెస్ ప్లగిన్లు రాసేవాళ్ళకు ఇది కొత్త కాదు. అక్కడ ప్రతి ప్లగినూ తన వెండర్ ఫోల్డర్ (తెచ్చుకున్న లైబ్రరీలు ఉండే చోటు) తనే మోసుకొస్తుంది. అందుకే బిల్డ్ చేసేటప్పుడు పీహెచ్‌పీ స్కోపర్ లాంటి టూల్‌తో క్లాస్ పేర్లన్నింటికీ ముందు తమ నేమ్‌స్పేస్ తగిలించుకుంటారు. ఇక ఒక ప్లగిన్‌కు ఇంకో ప్లగిన్ కావాలని అధికారికంగా రాసుకునే వీలు వర్డ్‌ప్రెస్‌కు 2024లో, 6.5 వెర్షన్‌తో వచ్చింది. అంత పెద్ద ప్రాజెక్టుకే అంతకాలం పట్టింది. అందులోనూ వెర్షన్ షరతులు రాసే వీల్లేదు, పేరు మాత్రమే రాయగలం. మీరు జిప్ అప్‌లోడ్ బటన్ పెట్టారంటే ఆ ప్రపంచంలోకి అడుగు పెట్టినట్టే.

సరే, కోడ్ కంపోజర్ తెస్తుంది. అది వచ్చిందని మీ ఫ్రేమ్‌వర్క్‌కు ఎలా తెలియాలి? లారావెల్ 5.5 (2017) నుంచి ఆటో డిస్కవరీ, అంటే కొత్త ప్యాకేజీని తనే గుర్తించే ఏర్పాటు, ఉంది. చాలామంది దాన్ని వాడతారు గానీ లోపల ఏం జరుగుతుందో చూడరు. ఒకసారి చూడండి, మీకు కావాల్సిన డిజైన్ అక్కడే ఉంది. ప్యాకేజీ తన కంపోజర్ జేసన్ ఫైల్‌లో "ఎక్స్‌ట్రా" అనే కీ కింద, "లారావెల్" పేరుతో, తనను అప్లికేషన్‌కు పరిచయం చేసే సర్వీస్ ప్రొవైడర్ క్లాస్ ఏదో రాసుకుంటుంది. "ఎక్స్‌ట్రా" కింద ఏముందో కంపోజర్ పట్టించుకోదు, అది మనకోసం వదిలిపెట్టిన జాగా. ఇన్‌స్టాల్ పూర్తయి ఆటోలోడ్ ఫైల్ తయారవగానే ఒక స్క్రిప్ట్ నడుస్తుంది. అది వెండర్ ఫోల్డర్‌లో కంపోజర్ రాసిపెట్టుకున్న ఇన్‌స్టాల్డ్ జేసన్ తెరిచి, ఎవరెవరు ప్రొవైడర్లు ప్రకటించారో ఏరి, బూట్‌స్ట్రాప్ కింద క్యాష్ ఫోల్డర్‌లో ఒక చిన్న పీహెచ్‌పీ ఫైల్‌గా రాసేస్తుంది. ఆ తర్వాత ప్రతి రిక్వెస్ట్‌కూ చదివేది ఆ ఒక్క ఫైలే. ఫోల్డర్లు వెతకడం, జేసన్ పార్స్ చేయడం ఏవీ ఉండవు.

మీరూ ఇదే చేయండి. "ఎక్స్‌ట్రా" కింద మీ ఫ్రేమ్‌వర్క్ పేరుతో ఒక కీ పెట్టుకోండి. అందులో మాడ్యూల్ ఐడీ, ప్రొవైడర్ క్లాస్, అది తెచ్చే పర్మిషన్ల ఫైల్, మైగ్రేషన్ల (డేటాబేస్ టేబుల్స్ తయారుచేసే, మార్చే ఫైళ్ళ) ఫోల్డర్ ఉంటే చాలు. అంతకు మించి పెట్టొద్దు. రూట్స్, మెనూలు, విడ్జెట్లు అన్నీ జేసన్‌లో ప్రకటించే సిస్టమ్స్ చూశాను. కొన్నాళ్ళకు ఆ జేసన్‌లోకి "ఇఫ్" కండిషన్లు కూడా వచ్చి చేరతాయి. అవి పీహెచ్‌పీ కోడ్‌లో ఉంటేనే మంచిది.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోండి. వెండర్ ఫోల్డర్‌లో ఉండటం ఒకటి, ఫలానా స్కూలుకు ఆన్ అయి ఉండటం ఇంకొకటి. మొదటిది డిప్లాయ్‌మెంట్‌తో తేలుతుంది, సాక్ష్యం కంపోజర్ ఏ వెర్షన్లు పెట్టిందో రాసుకునే లాక్ ఫైల్. రెండోది డేటాబేస్‌లో ఒక వరుస. అడ్మిన్ నొక్కే బటన్ రెండోదాన్ని మాత్రమే మార్చాలి. వెబ్ సర్వర్ నడిచే యూజర్‌కు కోడ్ ఫోల్డర్‌లో రాసే హక్కు ఉందంటే, ఎక్కడో ఒక అప్‌లోడ్ ఫారంలో చిన్న కన్నం దొరికినా చాలు, మొదటికే మోసం. పైగా రెండు సర్వర్లు పెట్టిన రోజున అప్‌లోడ్ చేసిన జిప్ ఒక దాంట్లోనే ఉంటుంది. "ఒకసారి రిఫ్రెష్ చేస్తే హాస్టల్ మెనూ వస్తోంది, ఇంకోసారి పోతోంది" అని స్కూలు క్లర్క్ ఫోన్ చేస్తారు. ఆ కాల్ ఎత్తేది మీరే.

ప్రొవైడర్‌లో రెండు దశలు తప్పనిసరిగా ఉంచండి. లారావెల్‌లో రిజిస్టర్, బూట్ అని ఉన్నట్టే. రిజిస్టర్‌లో "ఈ ఇంటర్‌ఫేస్ అడిగితే ఈ క్లాస్ ఇవ్వండి" అని కంటెయినర్‌కు (అడిగిన సర్వీస్‌ను తయారుచేసి ఇచ్చే భాగానికి) చెప్పడం తప్ప ఇంకేమీ చేయకూడదు. వేరే మాడ్యూల్‌ను పిలవకూడదు, డేటాబేస్ ముట్టకూడదు. అందరి రిజిస్టర్లూ అయ్యాకే బూట్లు మొదలవుతాయి. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో 2014లో వచ్చిన 1.7 వెర్షన్ ఇదే గొడవను తీర్చింది. ముందు అన్ని యాప్‌లూ లోడ్ కావాలి, ఆ తర్వాతే ఒక్కో యాప్ కాన్ఫిగ్‌లోని రెడీ మెథడ్ నడుస్తుంది. అంతకు ముందే ఎవరైనా మోడల్‌ను లాగితే "యాప్ రిజిస్ట్రీ ఇంకా రెడీ కాలేదు" అని ముఖం మీదే ఎర్రర్ కొడుతుంది. ఆ కఠినత్వం నాకు నచ్చుతుంది. మీ కంటెయినర్‌లో కూడా రిజిస్టర్ దశలో ఎవరైనా సర్వీస్ అడిగితే ఎక్సెప్షన్ విసిరేయండి. లేకపోతే క్రమం కలిసొచ్చినన్నాళ్ళు పనిచేసి, ఎవరో కొత్త మాడ్యూల్ పెట్టిన రోజు పగిలిపోతుంది.

మాడ్యూల్స్ ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలి అన్నదానికి నా పద్ధతి ఇది. "కాంట్రాక్ట్స్" అని ఒక ప్యాకేజీ ఉండాలి, దాంట్లో ఇంటర్‌ఫేసులు, ఈవెంట్ క్లాసులు తప్ప ఒక్క లైను లాజిక్ ఉండకూడదు. హాస్టల్ మాడ్యూల్ ఫీజుల మాడ్యూల్‌ను నేరుగా రిక్వైర్ చేయదు, కాంట్రాక్ట్స్‌ను చేస్తుంది. విద్యార్థి హాస్టల్ ఖాళీ చేస్తే హాస్టల్ ఒక ఈవెంట్ వదులుతుంది. ఫీజుల మాడ్యూల్ ఉంటే అది విని మిగిలిన నెలల బకాయి సరిచేస్తుంది, లేకపోతే ఎవరూ వినరు, ఏదీ ఆగదు. "ఎవరో ఒకరు ఎస్ఎంఎస్ పంపేవాళ్ళు కచ్చితంగా ఉండాలి, ఎవరైనా పర్లేదు" లాంటి అవసరానికి కంపోజర్‌లోనే ఉపాయం ఉంది. పీఎస్ఆర్ లాగ్ ఇంప్లిమెంటేషన్ అనే పేరు ప్యాకేజిస్ట్‌లో (కంపోజర్ ప్యాకేజీల పబ్లిక్ సైట్) చూసే ఉంటారు, అది ఉత్త పేరే, దాని వెనక కోడ్ లేదు. మోనోలాగ్ లాంటి లాగింగ్ లైబ్రరీలు "ప్రొవైడ్" కీ కింద ఆ పేరు రాసుకుంటాయి. దాన్ని రిక్వైర్ చేసినవాళ్ళకు అలాంటి లైబ్రరీ ఏదో ఒకటి ఉండి తీరాలి, లేకపోతే ఇన్‌స్టాలే అవదు. ఎస్ఎంఎస్ గేట్‌వేలకు మీరూ ఇలాగే ఒక ఉత్త పేరు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు కష్టానికి వద్దాం, డేటాబేస్. కోడ్ తీసేస్తే పోతుంది, టేబుల్స్ అలా పోవు.

మైగ్రేషన్లకు ఒక్కో ఫ్రేమ్‌వర్క్‌ది ఒక్కో దారి. రూబీ ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌లో ఇంజిన్ (అప్లికేషన్‌కు తగిలించే మాడ్యూల్) తెచ్చిన మైగ్రేషన్లను ఒక కమాండ్‌తో మీ అప్లికేషన్‌లోకి కాపీ చేసుకుంటారు, కొత్త టైమ్‌స్టాంప్‌తో. లారావెల్‌లో ప్యాకేజీ తన ఫోల్డర్ చూపిస్తుంది, అన్ని ఫోల్డర్లలోని ఫైళ్ళనూ కలిపి ఫైల్ పేరు వరుసలో, అంటే తేదీ వరుసలో నడుపుతుంది. జాంగోలో ఒక్కో యాప్‌ది ఒక్కో గొలుసు, ప్రతి మైగ్రేషన్ ఫైల్‌లోనూ "నాకంటే ముందు ఫలానా యాప్‌లోని ఫలానా మైగ్రేషన్ నడవాలి" అని రాసి ఉంటుంది. మాడ్యూల్స్ వేర్వేరు టీమ్‌ల చేతుల్లోకి వెళ్ళాక తేదీ వరుస నమ్మదగ్గది కాదు. ఫీజుల బ్రాంచ్‌లో ఎవరో మార్చి తేదీతో మైగ్రేషన్ ఫైల్ పెట్టారు. ఏప్రిల్‌లో కోర్‌లోకి "సెక్షన్లు" అనే టేబుల్ వచ్చింది. బ్రాంచ్ ఇంకా కలపలేదు కదా అని ఆ మార్చి ఫైల్‌లోనే సెక్షన్లకు ఫారిన్ కీ (ఇంకో టేబుల్‌లోని వరుసను చూపే లింకు) జోడించారు. వాళ్ళ మెషీన్‌లో కోర్ టేబుల్ అప్పటికే ఉంది కాబట్టి పాస్. పాత స్కూళ్ళ సర్వర్లలోనూ పాస్. కొత్త స్కూలుకు ఖాళీ డేటాబేస్ మీద నడిపితే మార్చి ఫైల్ ముందు వస్తుంది, సెక్షన్ల టేబుల్ లేదంటుంది. అది కూడా డెమో రోజునే బయటపడుతుంది. జాంగో పద్ధతిని మీ రన్నర్‌లో తెచ్చుకోవడం పెద్ద పనేం కాదు: ప్రతి మైగ్రేషన్‌కూ ఒక "డిపెండ్స్" లిస్టు, నడిపే ముందు టోపోలాజికల్ సార్ట్, అంటే ఆధారపడేవి తర్వాత వచ్చేలా వరుస పెట్టడం.

ఫారిన్ కీల విషయంలో ఒక నియమం పెట్టుకుని దాన్ని టెస్టుతో కాపలా కాయండి. ఏ మాడ్యూల్ టేబుల్ అయినా తన టేబుల్స్‌కు, కోర్ టేబుల్స్‌కు, లేదా కంపోజర్‌లో తను రిక్వైర్ చేసిన మాడ్యూల్ టేబుల్స్‌కు మాత్రమే ఫారిన్ కీ పెట్టాలి. హాస్టల్‌లోని మంచాల కేటాయింపు టేబుల్ కోర్‌లోని విద్యార్థుల టేబుల్‌ను చూడొచ్చు. ఫీజుల రసీదుల టేబుల్‌ను చూడకూడదు. అక్కడ రసీదు నంబర్ మాత్రం ఉంచుకుంటే చాలు. డీబీఏలు (డేటాబేస్ చూసుకునేవాళ్ళు) ఒప్పుకోరు, ఇంటెగ్రిటీ పోతుందంటారు. వాళ్ళ మాటా నిజమే. కానీ ఆ కీ పెట్టిన రోజు నుంచి ఫీజులు లేకుండా హాస్టల్ అమ్మలేరు, మరి ఈ తంటా అంతా దేనికి?

తీసేయడం గురించి. ఇందులో ద్రూపల్ (పీహెచ్‌పీలో వెబ్‌సైట్లు కట్టే సిస్టమ్) అనుభవం చదవదగ్గది. ద్రూపల్ 7లో మాడ్యూల్‌ను డిసేబుల్ చేయడం వేరు, అన్‌ఇన్‌స్టాల్ చేయడం వేరు. డిసేబుల్ అయిన మాడ్యూల్ డేటా అలాగే ఉంటుంది, కానీ దాన్ని చూసుకునే కోడ్ నడవదు. ఈలోపు మిగతా సిస్టమ్ ముందుకు పోతుంది. తర్వాత మళ్ళీ ఆన్ చేస్తే ఆ డేటాకు, చుట్టూ ఉన్నదానికీ పొంతన ఉండదు. చివరికి ద్రూపల్ 8లో, అంటే 2015లో, డిసేబుల్ అనే స్థితినే ఎత్తేశారు. ఉంటే ఉండాలి, లేకపోతే అన్‌ఇన్‌స్టాల్. దాని కంటెంట్ ఇంకా మిగిలి ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేయనివ్వదు కూడా.

మీకు మాత్రం ఆఫ్ అనే స్థితి తప్పదు. స్కూలు ఒక ఏడాది బస్సులు ఆపేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కాబట్టి మధ్యే మార్గం: కోడ్ ఉన్న ప్రతి మాడ్యూల్ మైగ్రేషన్లూ ఎప్పుడూ నడవాలి, అది ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా. ఆఫ్ అంటే రూట్స్, మెనూలు, పర్మిషన్లు, షెడ్యూల్ జాబులు ఆగిపోవడం మాత్రమే. విద్యార్థి రికార్డు డిలీట్ అవడం లాంటి కోర్ ఈవెంట్లు వినే క్లాసులు మాత్రం ఆఫ్‌లోనూ పనిచేయాలి. టేబుల్స్ తొలగించే పని బటన్ మీద అసలు పెట్టకండి. కమాండ్ లైన్‌లో, బ్యాకప్ తీశాక, మనిషి చేతితో చేయాలి.

వెర్షన్ల దగ్గర మొదట్లో తెలివితేటలు చూపించొద్దు. మీ సొంత మాడ్యూల్స్ అన్నీ ఒకే రిపోలో (కోడ్ భద్రపరిచే చోట), ఒకే వెర్షన్ నంబర్‌తో ఉండనివ్వండి. లారావెల్, ఇంకో పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ సింఫనీ రెండూ ఇలాగే నడుస్తున్నాయి. పని జరిగేది ఒకే పెద్ద రిపోలో, అందులోంచి ఒక్కో కాంపొనెంట్‌ను చదవడానికి మాత్రమే పనికొచ్చే చిన్న రిపోలుగా విడగొట్టి బయటపెడతారు. లారావెల్ ఫ్రేమ్‌వర్క్ కంపోజర్ ఫైల్ తెరిచి "రిప్లేస్" కీ చూడండి, ఇల్యూమినేట్ ప్యాకేజీల పేర్లన్నీ వరుసగా ఉండి, పక్కన "సెల్ఫ్ డాట్ వెర్షన్" అని ఉంటుంది. "మొత్తం ఫ్రేమ్‌వర్క్ ఉంటే ఈ ముక్కలన్నీ ఇదే వెర్షన్‌లో ఉన్నట్టే లెక్క, విడిగా తేవొద్దు" అని అర్థం. ప్రతి మాడ్యూల్‌కూ వేరే నంబర్ ఇస్తే "ఫీజులు 2.3 కోర్ 1.9తో పనిచేస్తుందా" అని సపోర్ట్ వాళ్ళు ఎక్సెల్ షీట్ పెట్టుకోవాల్సి వస్తుంది. బయటివాళ్ళు మీకోసం మాడ్యూల్స్ రాసే రోజు వస్తే అప్పుడు చూసుకోవచ్చు. ఒక చిన్న జాగ్రత్త: ^1.2 అంటే 2.0 లోపు ఏదైనా ఓకే, కానీ ^0.3 అంటే 0.4 లోపు మాత్రమే. కాంట్రాక్ట్స్ ప్యాకేజీని సున్నాతో మొదలుపెట్టి నెలల తరబడి అక్కడే ఉంచితే ప్రతి చిన్న రిలీజ్‌కూ అందరి కంపోజర్ ఫైళ్ళూ మార్చుకుంటూ కూర్చోవాలి. 1.0 త్వరగా ఇచ్చేయండి.

ఇక పంపిణీ. శాటిస్‌తో (కంపోజర్‌కు ప్రైవేట్ రిపాజిటరీ తయారుచేసే టూల్) సొంత రిపాజిటరీ పెట్టుకోండి. అది స్టాటిక్ ఫైళ్ళే, ఒక చిన్న సర్వర్ చాలు. దాంట్లో ఆర్కైవ్ ఆప్షన్ ఆన్ చేస్తే జిప్‌లు మీ దగ్గరే ఉంటాయి. 2016 మార్చి 22న ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల రిజిస్ట్రీ) నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీ మాయమైనప్పుడు ప్రపంచవ్యాప్తంగా బిల్డులు ఆగిపోయాయి, ఆ టెన్షన్ మీకెందుకు? ఇంకొకటి, మీ వెండర్ పేరుతో ప్యాకేజిస్ట్‌లో ఏదో ఒక చిన్న పబ్లిక్ ప్యాకేజీ పెట్టి ఆ పేరు మీదని చేసుకోండి. 2021లో అలెక్స్ బిర్సన్ అనే పరిశోధకుడు పెద్ద కంపెనీల ప్రైవేట్ ప్యాకేజీల పేర్లతోనే ఎన్‌పీఎం, పైపీఐ (పైథాన్ రిజిస్ట్రీ) లాంటి చోట్ల పబ్లిక్ ప్యాకేజీలు పెట్టి, వాళ్ళ బిల్డ్ సర్వర్లలోకి తన కోడ్ ఎలా దూరిందో చూపించాడు. కంపోజర్ 2లో రిపాజిటరీలు మామూలుగానే కెనానికల్, అంటే పైన రాసిన రిపోలో ఆ పేరు దొరికితే కింది రిపోలో వెతకదు. కాబట్టి మీ శాటిస్‌ను పైన రాయండి, అంతే.

ఫ్రంటెండ్ మీద నాకు ఎక్కువ చెప్పాలని లేదు. అన్ని మాడ్యూల్స్ జావాస్క్రిప్టూ ఒకే వర్క్‌స్పేస్‌లో ఒకేసారి బిల్డ్ చేయండి, రియాక్ట్‌ను పీర్ డిపెండెన్సీగా (మాడ్యూల్ తనతో తేకుండా, అప్లికేషన్‌లో ఉన్నదాన్నే వాడుకునేలా) రాయించండి. పేజీలో రెండు రియాక్ట్‌లు లోడ్ అయితే హుక్స్ పనిచేయవు, ఆ ఎర్రర్ మెసేజ్ చూసి అసలు కారణం కనుక్కోవడం కొత్తవాళ్ళకు కష్టం. రన్‌టైమ్‌లో మాడ్యూల్స్ అతికించే మాడ్యూల్ ఫెడరేషన్ లాంటివి మీ సైజు టీమ్‌కు అక్కర్లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ముందు స్కూలు లైబ్రరీ మాడ్యూల్‌ను విడదీయండి, దాని మీద ఎవరూ ఆధారపడి ఉండరు కాబట్టి దారి తెలుస్తుంది. రెండోది ఫీజులు. అది అన్నిటిలోకీ చిక్కుపడి ఉంటుంది, కాంట్రాక్ట్స్ ప్యాకేజీలో ఏమేం ఉండాలో అదే చెప్తుంది. ఈ రెండూ అయ్యేదాకా మిగతావి ముట్టుకోకండి. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపే సిస్టమ్) కోర్ ఒక్కటే ఒక జాబ్, కోర్‌తో ఒక్కో మాడ్యూల్ విడివిడిగా ఒక్కో జాబ్, అన్నీ కలిపి ఇంకో జాబ్ పెట్టండి. ప్రతిదీ ఖాళీ డేటాబేస్ మీదే మొదలవ్వాలి. మొదటి వారం అన్నీ ఎర్రగా కనిపిస్తాయి, కంగారు పడకండి.

మీరు ఇప్పటిదాకా రాసిన రిజాల్వర్ అంతా వృథా కాదు. అందులో టోపోలాజికల్ సార్ట్, సైకిల్ కనిపెట్టే కోడ్ ఉంటాయి కదా, ఆ రెండూ బయటికి తీసి బూట్ క్రమానికి, మైగ్రేషన్ల క్రమానికి వాడుకోండి. మిగతా బ్రాంచ్ డిలీట్ చేసేయొచ్చు.